ఉగాది వేడుక: పాటల విభాగాలు తేల్చుకుందాం

సాంస్కృతిక విభాగం: అందరికీ నమస్కారం. మన లండన్ ఉగాది వేడుకలో పాడేవాళ్ల రిజిస్ట్రేషన్ ఫారం ఈ ఆదివారం వదలాలి. పోయినేడు పెట్టినవే మళ్లీ పెట్టేద్దామంటున్నారు: శాస్త్రీయం, సినిమా, జానపదం, ఇతరాలు. నాకు అభ్యంతరం ఉంది. ఫారంలో పేరు పడగానే దాని టైము, మైకు, వరుస కూడా ఖాయమైపోతున్నాయి. శాస్త్రీయం ప్రార్థన తర్వాత, హాలు సగం ఖాళీగా ఉన్నప్పుడు. సినిమా పాటలు హాలు నిండాక. జానపదమంటే మూడు నిమిషాల ట్రాకు, దాని మీద పిల్లల డాన్సు. ‘ఇతరాలు’ భోజనాల వేళ. సొంతంగా తెలుగు ర్యాప్ రాసుకున్న కుర్రాడూ గజల్ పాడే పెద్దాయనా పక్కపక్కనే పడ్డారు. జనమేమో పులిహోర క్యూలో ఉన్నారు. ఈసారి ఆ కుర్రాడు పేరివ్వనన్నాడు.

కోశాధికారి: అమ్మా, విభాగాలు లేకపోతే బహుమతులు ఎలా ఇస్తాం? పేరుంటే మేలు కూడా ఉంది. కీడూ జరిగిందనుకోండి: 1950ల్లో కేస్కర్ గారు కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణి సినిమా పాటల్ని దూరం పెట్టింది, జనం సినిమా పాటలు వేసే శ్రీలంక స్టేషన్ రేడియో సిలోన్‌కి తిప్పేశారు. చివరికి 1957లో ఆకాశవాణే సినిమా పాటలు వేసే వివిధ భారతి తెచ్చింది. అదంతా నిజమే. కానీ అదే రేడియో లలిత సంగీతానికి వేరే విభాగం పెట్టి, ఆడిషన్లు, గ్రేడులు, పారితోషికం ఏర్పాటు చేసింది. సినిమాలకు రాయని కవులకూ కచేరీలు చేయని గాయనులకూ అలా ఒక చోటు దొరికింది. విజయవాడ కేంద్రంలో కవి, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారు చేసిన లలిత సంగీతం పని ఆ నీడలోనే పెరిగింది. అందుకే విభాగాలు ఎత్తేయకండి.

స్టేజీ విభాగం: బాబాయ్ గారూ, రేడియో ఆ పేరుతో పాటు డబ్బూ టైమూ ఇచ్చింది. మనం ఇచ్చేది మిగిలిన టైము. ఇక్కడ లండన్‌లో 1987లో చిన్న రికార్డు కంపెనీలవాళ్లు ఒక పబ్‌లో కూర్చుని ‘వరల్డ్ మ్యూజిక్’ అనే పేరు ఖాయం చేసుకున్నారు. తమ రికార్డులు ఏ అరలో పెట్టాలో షాపులవాళ్లకు తెలియట్లేదని. అర దొరికింది. ఖవ్వాలీ, మాలీ దేశపు గిటారు, బల్గేరియా ఆడవాళ్ల బృందగానం అన్నీ అందులోనే. 2020లో గ్రామీ అవార్డులవాళ్లు ఆ పేరున్న తమ విభాగాన్ని ‘గ్లోబల్’ అన్నారు, అర మాత్రం అదే!

సౌండ్ విభాగం: అక్కా, నా గోడు వినండి. జానపదం అని రాశారు కదా అని పోయినేడు డప్పు బృందానికి కూడా పెన్‌డ్రైవ్ అడిగాను. వాళ్లు లైవ్. పైగా ఇక్కడి చెమ్మకు తోలు వదులైపోతుంది, మంట దగ్గర కాచాలి. హాల్లో నిప్పంటే పొగ అలారం మోగి అందరం బయటుంటాం. ఈసారి కార్ పార్కులో కాచుకోవడానికి హాలు మేనేజర్‌ని ముందే అడగాలి, కాచాక వెంటనే స్టేజీ ఎక్కించాలి. పదిహేను నిమిషాలు ఆగితే మోత మారిపోతుంది. నాకు కావాల్సింది ట్రాకా లైవా, ఎన్ని మైకులు, ఎన్ని నిమిషాలు. అది ఏ సంగీతమో నాకెందుకు?

సాంస్కృతిక విభాగం: సరే, తమ్ముడి మాటే పట్టుకుందాం. ఫారంలో ఆ మూడు ప్రశ్నలూ తప్పనిసరి. ఏ రకం పాటో వాళ్లే తమ మాటల్లో రాస్తారు, యాంకర్ అదే చదువుతారు. బహుమతులు వయసు గ్రూపుల వారీగా. వరుస చీటీలు తీసి వేద్దాం, డప్పు ఒక్కటి భోజనాలకు ముందు ఖాయం. భోజనాలప్పుడు స్టేజీ ఖాళీ.

కోశాధికారి: ఒప్పుకున్నాను. గజల్ పెద్దాయనకు ఫోన్ నేను చేస్తాను. కుర్రాడితో ఎవరు మాట్లాడతారు?

సౌండ్ విభాగం: నేను. హాలు మేనేజర్‌కి మెయిల్ కూడా ఈ రాత్రికి పెడతాను.