కాపాడిన దుడ్డెలను (బర్రె దూడలను) ఇంటికాడ సాకినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?

మర్రిచెట్టు_నల్లగొండ:
మాది నల్లగొండ పక్కన పల్లె. ఇంటి వెనక పాత కొట్టం ఖాళీగా ఉంది, మా తాత బర్రెలు అమ్మినకాడి నుంచి అందులో కట్టెలు, బస్తాలే. దగ్గర్లోని ఒక గోశాల వాళ్లు అడుగుతున్నారు, పట్టుబడ్డ బండిలోంచి దింపిన పశువుల్లో రెండు మగ దుడ్డెలు ఉన్నాయట, ఇంకా పాలు మరవలేదు, అక్కడ పెద్దవాటి కాళ్ల కింద పడి నలుగుతున్నాయి, రెండు మూడు నెలలు సాకి పెట్టమని. అమ్మ సరే అంటోంది. నాన్న మాత్రం "అవి మనవి కావు, రేపు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలె" అంటున్నాడు. ఖర్చు కంటే నాకు కూడా ఆ టెన్షనే ఎక్కువగా ఉంది. సాకినవాళ్లు చెప్పండి.

పాలమూరు_అక్క:
మీ నాన్న అడిగిందే అసలు ప్రశ్న తమ్మీ. బండి మీద కేసైతే ఆ పశువులు కేసు సొత్తు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కేసు తేలేదాకా వాటిని గోశాలకో జంతు సంక్షేమ సంస్థకో అప్పగించమని మేజిస్ట్రేటు ఆదేశించొచ్చు, అంటే కోర్టుకు జవాబుదారు గోశాలే. నోటిమాట మీద నీ కొట్టంలో కట్టేసి పోతే, రేపు యజమానికి తిరిగి ఇవ్వమని ఉత్తర్వు వచ్చినప్పుడు ఇద్దరూ ఇరుక్కుంటారు. కేసు నంబరు అడుగు, ఉత్తర్వు కాపీ అడుగు, బయట ఇంట్లో పెట్టే వీలు వాళ్లకు ఉందో లేదో సూటిగా అడుగు. నీళ్లు నమిలితే తీసుకోకు. మేం మేకలు తెచ్చుకున్నప్పుడు కాగితం రాయించుకున్నాం. చెవికున్న పసుపు ట్యాగు మీది 12 అంకెల నంబరు, ఫొటోలు, మందుల ఖర్చు ఎవరిది, చనిపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ తేదీకి తీసుకుపోతారు. దుడ్డెలకు ట్యాగు లేకపోతే నుదుటి చుక్క, తోక కుచ్చు రంగు రాయించు. తేదీ మాత్రం మర్చిపోకు, లేకపోతే "ఇంకో నెల అక్కా" అంటూనే ఉంటారు.

గోపాలమిత్ర_దేవరకొండ:
కాగితాల సంగతి అక్క చెప్పింది, నేను పాల సంగతి చెప్తా. దుడ్డె బరువులో పదోవంతు పాలు రోజుకు, అంటే ముప్పై కిలోలుంటే మూడు లీటర్లు, రెండు మూడు పూటలుగా. చల్లటి పాలు పట్టొద్దు, దాని ఒంటి వేడి ఎంతో పాల వేడి అంత ఉండాలె. సీసా పట్టేటప్పుడు తల్లి పొదుగు కింద మెడ ఎంత ఎత్తుతదో అంతే ఎత్తాలె, తల పైకి విరిచి గొట్టంతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తది, ఇట్లాంటి దుడ్డెలు ఈ తొందరతో కూడా పోతాయి.

ఇంకోటి, ఇవి ముర్రుపాలు తాగాయో లేదో ఎవరికీ తెలియదు. పుట్టిన మొదటి గంటల్లో తాగకపోతే తర్వాత ఎన్ని లీటర్లు పట్టినా రోగాల నుంచి ఆ పాలిచ్చే రక్షణ రాదు, దాన్ని పీల్చుకునే గుణం పేగుకు ఒక రోజులోనే పోతది. అందుకని పారుడు పట్టిందంటే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. మెడ మీద తోలు రెండు వేళ్లతో పట్టి లాగి వదులు. టక్కున సర్దుకుంటే పర్వాలేదు, మడత అట్లనే నిలబడి మెల్లగా దిగితే ఒంట్లో నీళ్లు పోయినట్టు. కళ్లు గుంటలు పడతాయి, నోట్లో వేలు పెడితే చల్లగా తగులుతది. పాలు పూర్తిగా బంద్ పెట్టొద్దు, పాల పూటల మధ్యలో ఓఆర్‌ఎస్ తాగించు. బర్రె దుడ్డెలకు తల్లిపాలతోనే ఏలికపాములు వస్తాయి, నట్టల మందు బరువు చూసి డాక్టరే వేయాలె. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి పైసలు లేకుండానే వస్తది, అయినా మండల డాక్టరు నంబరు కూడా దగ్గర పెట్టుకో.

వనపర్తి_గంప:
ఇక్కడ కోళ్లు సాకినవాళ్లు కూడా ఉన్నారా? గుడ్ల ఫారం కేజీల నుంచి తీసేసిన లేయర్లను నేను తెచ్చుకున్నా. మొదట్లో నేల మీద గీకడం కూడా తెలియదు వాటికి, ఎండ పడితే మూలకు పోయి ముడుచుకునేవి. గోళ్లు పెరిగి వంకర తిరిగి ఉంటాయి, కత్తిరించాలె. ఎముకలు గుల్లబారి ఉంటాయి, ఎత్తేటప్పుడు రెక్క పట్టి లాగొద్దు, రెండు చేతులతో కింది నుంచి ఎత్తాలె. గుడ్డు పెంకులు కాల్చి పొడి చేసి పెట్టండి. నాటుకోళ్లతో మాత్రం వెంటనే కలపకండి, కొక్కెర వస్తే రెండు మందలూ పోతాయి.

గోపాలమిత్ర_దేవరకొండ:
దుడ్డెలకూ అంతే. ఇంట్లోనో పక్కింట్లోనో పశువులుంటే కనీసం మూడు వారాలు వేరే కట్టేయాలె, గాలికుంటు ఉందో లేదో మనకు తెలియదు కదా. వీటి కాడికి పోయిన చెప్పులతో వాటి కాడికి పోవద్దు, బకెట్ కూడా వేరే.

మునుగోడు_బోరు:
నీళ్ల సంగతి ఎవరూ అనడం లేదు. మా దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మనుషులనే వంచింది, పశువులను వదులుతదా? పళ్ల మీద గోధుమ మచ్చలు, పళ్లు అరిగిపోయి మేత నమలలేకపోవడం, కీళ్లు బిగిసి కుంటడం, మా ఎద్దుల్లో చూశాం. పళ్లు, ఎముకలు పెరిగే వయసు దుడ్డెలకు ఇంకా చేటు. మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టు.

గోపాలమిత్ర_దేవరకొండ:
నిజమే కానీ అన్నా, రెండు మూడు నెలల్లో అంత కాదు, అది ఏండ్ల మీద పట్టే రోగం. ఆ నల్లా నీళ్లు ఉంటే అవే పట్టడం మంచిది, లేని రోజు బోరు నీళ్లని భయపడి దాహంతో మాత్రం ఉంచొద్దు.

అచ్చంపేట_అంచు:
మా అనుభవంలో పశువుకు పెద్ద ముప్పు ఊరి ప్రేమ. కాపాడిన ఆవు ఉందని తెలిసి, పక్క వీధి ఫంక్షన్‌లో మిగిలిన అన్నం గంగాళంతో తెచ్చి పోశారు. పుణ్యమని. అన్నం, పిండి ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో పులిసి పశువు కూలబడుతది, మాది అట్లనే పోయింది. ఇప్పుడు కొట్టం తడికకు బోర్డు కట్టాం, "అడగకుండా ఏమీ పెట్టవద్దు" అని. కొందరికి కోపం వచ్చింది, రానీ. పెద్దయి మేతకు పోయే వయసుకు మరో మాట, కోసిన జొన్న మోళ్లకు వచ్చే పిలకలు, అదే నాము, నోట్లో పడనీయొద్దు, అది విషం, నిమిషాల్లో గిలగిల కొట్టుకుంటాయి.

పాలమూరు_అక్క:
మేకలు తీసుకునేవాళ్లు కూడా వినండి. మూతిపుండ్లు ఉన్న మేకపిల్లకు గ్లౌజులు లేకుండా మందు పూయొద్దు, మన చేతులకూ వస్తుంది. గర్భం పోయిన మేక కాడికి గర్భిణులను పోనీయొద్దు, పాలు కాచకుండా తాగొద్దు. తమ్మీ, ఒకటి అడుగుతా, మగ దుడ్డెలు కదా, మూడు నెలల తర్వాత ఎక్కడికి పోతాయో అడిగావా? ఆడ దుడ్డెనైతే ఎవరన్నా తీసుకుంటారు.

మర్రిచెట్టు_నల్లగొండ:
అడిగా అక్కా. కేసు తేలేదాకా వాళ్ల దగ్గరే ఉంటాయట, పాలు మరిచి పచ్చగడ్డి తింటే చాలు తీసుకుపోతాం అన్నారు. ఉత్తర్వు కాపీ వాట్సాప్‌లో పెట్టారు, నాన్న రెండుసార్లు చదివి, గోశాల లెటర్‌హెడ్ మీద తేదీ వేసి సంతకంతో ఇవ్వాలి అన్నాడు. ఇస్తామన్నారు. కొట్టం కడిగి సున్నం వేస్తున్నాం. మా కాడ నల్లా రోజు విడిచి రోజు వస్తది, డ్రమ్ము ఎంతది తేవాలె?

గోపాలమిత్ర_దేవరకొండ:
రెండింటికీ 200 లీటర్లది చాలు, మూత ఉన్నది చూసుకో. కొట్టం నేల వాలు ఎటుందో కూడా చూడు, ఉచ్చ నిలిస్తే బొడ్డు చీము పడుతది. వరిగడ్డి మందంగా పరిచి రోజూ మార్చు.