పై ఫ్లోర్ హామ్ రేడియో మా స్పీకర్లలో వినిపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో అపార్ట్‌మెంట్ మాది. పై ఫ్లోర్ అంకుల్‌కి హామ్ లైసెన్స్ ఉంది (సరదాకి సొంత రేడియో సెట్‌తో దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడే అభిరుచి), టెర్రస్ మీద పొడవాటి వైర్ యాంటెన్నా కట్టారు. సాయంత్రం ఆయన మాట్లాడటం మొదలుపెడితే మా హోమ్ థియేటర్‌లో గరగరమంటూ ముద్దముద్దగా మాటలు వస్తాయి, టీవీ ఆఫ్‌లో ఉన్నా సరే. మంచి మనిషి, గొడవ పెట్టుకోవాలని లేదు.

జవాబు: ముందు ఆయనకే చెప్పండి. ఏ టైముకి వస్తోందో రాసిస్తే తను ఎప్పుడు మాట్లాడిందీ రాసుకునే లాగ్‌బుక్‌తో సరిచూసుకుంటారు, ఏ బ్యాండో (ఫ్రీక్వెన్సీల శ్రేణి) తేలిపోతుంది. చాలాసార్లు లోపం ఆయన సెట్‌లో ఉండదు, మీ స్పీకర్ వైర్లే 7 లేదా 14 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని యాంటెన్నాలా పట్టి యాంప్లిఫయర్‌లోకి పంపుతుంటాయి.

జవాబు: అవును. ఆ వైర్లను యాంప్లిఫయర్ దగ్గరే ఫెరైట్ రింగులో (రేడియో సిగ్నల్‌ని అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగు) ఏడెనిమిది చుట్లు తిప్పండి, పవర్ కేబుల్‌కి కూడా. ఒక్కో వైరూ పీకి చూస్తే దేని వల్లో తెలుస్తుంది.

జవాబు: ఆయన పవర్ తగ్గించినా, యాంటెన్నా కాస్త జరిపినా తేడా ఉంటుంది. లైసెన్సులిచ్చేది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం, కానీ దయచేసి ఫిర్యాదు దాకా వెళ్లకండి. 2004 సునామీలో అండమాన్ నుంచి సమాచారం చేరవేసింది ఇలాంటి హామ్‌లే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. రింగులు కోఠిలో అడుగుతాను. ఆదివారం అంకుల్ పైన మాట్లాడుతుంటే నేను కింద వైర్లు ఒక్కొక్కటీ పీకి చూస్తాను.