అప్‌డేట్: మా తమ్ముడి వైద్యం గురించి

ఇంటర్ తప్పినప్పటి నుంచి నిద్రాహారాలు మానేసిన మా తమ్ముడికి శ్రీకాకుళం జిల్లాలో ఉచిత మానసిక వైద్యం ఎక్కడ దొరుకుతుందని గత నెల అడిగాను. మీరు సూచించినట్లే, 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రి పదకొండింటికి ఫోన్ చేయగా, కౌన్సెలర్ తెలుగులోనే, ఏమాత్రం తొందరపెట్టకుండా మాట్లాడి, వాడి చేత మొదటిసారి నోరు విప్పించి, ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులను కలవమన్నారు. మొదటి రోజు డాక్టరు లేక వెనుదిరిగాం. రెండోసారి పరీక్షించి, మందులు ఉచితంగానే ఇచ్చారు. ఇప్పుడు వాడు నిద్రపోతున్నాడు, అమ్మతో మాట్లాడుతున్నాడు.

అయితే పలాస దాటిన మా పల్లె నుంచి ఆ ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ నాన్నకు ఒక రోజు కూలి పోతోంది. దగ్గరలోనే ప్రభుత్వ మానసిక వైద్యం అందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు కనుక, వారానికొకసారైనా మండలానికి వైద్యుణ్ణి పంపాలని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం.