మీ ఊళ్లో మిక్సీ పడతారా, వేస్తారా, తిప్పుతారా?

వంటింటి మాటలు పోగు చేస్తున్నాను, కాస్త సాయం చేయండి. రోట్లో పచ్చడి నూరేవాళ్లం, పొత్రంతో పిండి రుబ్బేవాళ్లం, రోకలితో కారం దంచేవాళ్లం, తిరగలితో పప్పు విసిరేవాళ్లం, ఇప్పుడు వీటిలో చాలా పనులకి "మిక్సీ పట్టు" అంటే సరిపోతోంది. దంచడం, నూరడం ఒకటి కాదు, రుచే మారిపోతుంది, అందుకే ఆ తేడా మాటల్లోంచి పోతుంటే నాకు బాధగా ఉంది.

ఇంగ్లీషులో మైక్రోవేవ్ అనే మాటే నేరుగా క్రియ అయిపోయింది. మనం మాత్రం పక్కన పట్టు, పెట్టు, వేయి లాంటివి తగిలిస్తాం (కుక్కర్ పెట్టావా అంటే అన్నం వండావా అనే కదా). విశేషణాలైతే ఇట్టే పుడతాయి: రోటి పచ్చడి ఎప్పటినుంచో ఉంది, ఆ దారిలోనే కుక్కర్ అన్నం, ఫ్రిజ్ నీళ్లు, గ్రైండర్ పిండి.

మీ ఇంట్లో ఏమంటారు? జిల్లా పేరు కూడా రాయండి. ఇలాంటి వంటింటి వస్తువు పేరు ఏదైనా పట్టు, పెట్టు లాంటి తోక లేకుండా క్రియగా మారడం ఎక్కడైనా విన్నారా?