‘కాన్ఫిగరేషన్’కు ‘అమరిక’ సరిపోతుందా?

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాది పిల్లల కోసం వెబ్ అప్లికేషన్ల మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. ‘కాన్ఫిగరేషన్’ దగ్గర పెన్ను ఆగింది. ఇంటర్ కెమిస్ట్రీలో ‘ఎలక్ట్రాన్ విన్యాసం’ అని చదువుకున్నాం, కంప్యూటర్ తెరల మీద ‘ఆకృతీకరణ’, ‘అమరిక’ కనిపిస్తున్నాయి. ఏది రాయాలి?

నాకు కావలసిన అర్థం ఇది: కోడ్ ఒకటే, అది నడిచే చోటును బట్టి మారేవి మాత్రం వేరు. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్, ఎస్సెమ్మెస్ పంపే సర్వీసు కీ లాంటివి. ఇవి కోడ్‌లో కలిసిపోతే ఏమవుతుందో నేను చూశాను. గదుల బుకింగ్ అప్లికేషన్ ఒకటి చేస్తున్నప్పుడు ఎస్సెమ్మెస్ కీ నేరుగా కోడ్‌లోనే రాసేశాను. టెస్ట్ కోసం అసలు డేటా కాపీ తెచ్చుకుని నడిపితే, రాత్రి పదకొండు దాటాక నిజమైన యాత్రికుల ఫోన్లకు ‘మీ గది ఖాయమైంది’ అని మెసేజ్‌లు వెళ్లాయి. ఒక పెద్దాయన తెల్లవారుజామునే సామాన్లతో వచ్చేశాడు. ఆయనకు గది వెతికి ఇచ్చేదాకా నాకు మనసు కుదుటపడలేదు.

ఇంకో చిక్కు. పిల్లలు “సార్, కాన్ఫిగరేషన్‌కు యాన్సిబుల్ మంచిదా, కన్సల్ మంచిదా?” అని అడుగుతున్నారు. ఈ రెండూ సర్వర్లు చూసేవాళ్లు వాడే టూల్సే, కానీ ఒకే పని చేసేవి కావు. మాట ఒకటే కావడంతో ఒకే అంగట్లో సరుకులనుకుంటున్నారు.

*చిత్తూరు నుంచి, తెలుగు టీచర్:*
సార్, ‘అమరిక’నే ఉంచండి. ‘ఆకృతీకరణ’ అంటే ఆకారం ఇవ్వడం, మీరు చెప్పేదానిలో ఆకారం మారడం లేదు. ‘విన్యాసం’ వినగానే పిల్లలకు సర్కస్ గుర్తొస్తుంది. ‘అమరు’ అచ్చతెలుగు. చీర ఒంటికి అమరుతుంది, పిల్లకు సంబంధం అమరుతుంది. ఉన్నచోటికి తగినట్టు కుదరడమే దాని ప్రాణం. వ్రతం రోజు పీట మీద కలశం, తమలపాకులు, వక్కలు ఎక్కడివక్కడ పెట్టడాన్ని మా అమ్మ ‘అమర్చడం’ అనేది. మా ఊరి వాళ్లకు పక్కనే తమిళం కదా, అక్కడ ‘అమరుంగళ్’ అంటే ‘కూర్చోండి’. తమిళంలో సెట్టింగ్స్‌ను ‘అమైప్పుగళ్’ అంటారు, అదీ దీనికి దగ్గరి మాటే. ఏది ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చోబెట్టడం అనే భావం మీ విషయానికి అతికినట్టుంది. క్రియ కూడా చేతిలోనే ఉంది: అమర్చు.

*తిరుపతి నుంచి, సర్వర్లు చూసే సభ్యుడు:*
మేడం చెప్పింది బాగుంది. కానీ అన్నా, నీ రెండో చిక్కు అలాగే ఉంది. మా పనిలో ‘కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్’ అంటే ఖాళీ మెషీన్ మీద వెబ్ సర్వర్ ఎక్కించి, యూజర్లను చేసి, పోర్టులు తెరిచి నిలబెట్టడం. పప్పెట్, షెఫ్, యాన్సిబుల్ చేసేది అదే. దాన్ని ‘సిద్ధం చేయడం’ అను చాలు. అప్లికేషన్ చదువుకునే విలువలు ‘అమరికలు’. వాటిని ఒకచోట పెట్టి నడుస్తున్న సర్వీసులకు అందించడానికి కన్సల్, ఎట్‌సీడీ పనికొస్తాయి.

ముందు పని పేరు తేలితే టూల్ దానంతటదే తేలుతుంది. ఇద్దరు ముగ్గురున్న ఆఫీసులో రెండు మెషీన్లకు యాన్సిబుల్ చాలు. అది దూరంగా ఉన్న మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్సెస్‌హెచ్ మీదే నడుస్తుంది, అవతలి మెషీన్‌లో ఏజెంట్ అక్కర్లేదు, అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండే సహాయక ప్రోగ్రామ్ అక్కర్లేదు. పప్పెట్ మామూలుగా ప్రతి మెషీన్‌లో ఒక ఏజెంట్‌తో నడుస్తుంది, ఆ ఏజెంట్ అరగంటకోసారి సర్వర్‌ను అడిగి తేడాలుంటే సరిచేస్తుంది. వందల మెషీన్లుంటే ఆ కాపలా విలువ తెలుస్తుంది. అమరికలకు మొదట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చాలు, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు కోడ్ బయటి నుంచి దానికి అందించే విలువలు. వెబ్ అప్లికేషన్లను తమ సర్వర్ల మీద నడిపిపెట్టే హెరోకు కంపెనీ వాళ్లు 2011లో రాసిన పన్నెండు సూత్రాల్లో మూడోది ఇదే చెబుతుంది. కాకపోతే విలువ మారిస్తే ప్రాసెస్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి. చాలా సర్వీసులు ఆగకుండా కొత్త విలువ అందుకోవాల్సి వచ్చినప్పుడే కన్సల్ లాంటిది పెట్టుకో. ముందే పెడితే దాన్ని చూసుకోవడమే ఇంకో ఉద్యోగం.

*చిత్తూరు టీచర్:*
పాస్‌వర్డ్‌లను కూడా అమరికలనే అంటారా? వాటికి ‘గుట్టు’ అనకూడదా? ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా!

*మొదట అడిగిన నేనే:*
మేడం, ‘గుట్టు’ వినగానే కుర్చీలోంచి లేచాను. ఇంగ్లీషులో వీటిని వేరే సీక్రెట్స్ అంటారు, వాల్ట్ లాంటి టూల్స్ ఉన్నది వీటి కోసమే. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌లోకి ఒక్కసారి పాస్‌వర్డ్ వెళ్తే, తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్‌లలో, అంటే అప్పటికే దాచిన మార్పుల్లో ఉండిపోతుంది. పాస్‌వర్డే మార్చాలి. బయటపడ్డ గుట్టును మళ్లీ గుట్టు చేయలేం కదా.

తమ్ముడు చెప్పిన విడదీత కూడా తీసుకుంటున్నాను. ‘సిద్ధం చేయడం’ పొడుగైనా పరవాలేదు, పిల్లలకు విన్న వెంటనే అర్థమవుతుంది. నోట్సులో ఇలా మార్చి రాశాను:

“మెషీన్‌ను సిద్ధం చేయాలి. అప్లికేషన్‌కు అమరికలు ఇవ్వాలి. గుట్టును కోడ్‌లోకి రానివ్వకూడదు. ఈ మూడింటిలో మీకు ఇప్పుడు ఏది కావాలో చెప్పండి, అప్పుడు టూల్ గురించి మాట్లాడుకుందాం.”

మనం ఏమీ ఇవ్వకపోతే దానంతటదే పనిచేసే ‘డిఫాల్ట్’ అమరికకు మాత్రం ఇంకా మాట దొరకలేదు. ‘ముందస్తు అమరిక’ అని పెన్సిల్‌తో రాసి ఉంచాను. అంతకంటే మంచిది తడితే చెప్పండి.