విష్ణుక్రాంత మొక్క బెంగళూరులో ఎక్కడ కనబడుతుంది?

అందరికీ నమస్కారం. వినాయక చవితి పత్రిలో చెప్పే విష్ణుక్రాంతను బెంగళూరు చుట్టుపక్కల ఎవరైనా చూశారా? మార్కెట్‌లో పత్రి కట్టలో ఆ పేరుతో ఏదో ఒక ఆకు పెట్టేస్తున్నారు. నర్సరీలో అడిగితే బ్లూ డేజ్ కుండీ చూపించారు. అది దీనికి దగ్గర చుట్టమే, కానీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, పువ్వు కూడా పెద్దది.

నాకు కావలసింది అసలు విష్ణుక్రాంత, శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. నేల మీద పాకే సన్నటి కాడలు, ఆకుల నిండా పట్టులాంటి నూగు, సెంటీమీటరు కూడా ఉండని నీలం పువ్వు, నడుమ తెల్లటి చుక్క. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. సాయంత్రం వాకింగ్ చేసేవాళ్లకి ఎలాగూ కనబడదు లెండి.

ఎండ బాగా తగిలే గరప నేలలు, గడ్డి మైదానాలు దీనికి ఇష్టం కాబట్టి హెసరఘట్ట, తురహళ్లి వైపు ఉంటుందనుకుంటున్నాను. అక్కడ పీకి తేవాలని కాదు, పోల్చుకోవడానికే. విత్తనాలతో కుండీలో పెంచినవాళ్లుంటే ఇసుక ఎంత కలిపారో, నీళ్లు ఎలా పోశారో కూడా చెప్పండి. మా అత్తగారు ఈసారి అసలు పత్రే కావాలని పట్టుబట్టారు.