ఫ్యాక్టరీ ఇంగ్లీషులో ‘ఐ థింక్’, ‘ఓకే?’: తేడా భాషదా, హోదాదా?

ప్రశ్న:
శ్రీసిటీలోని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. రోజూ తిరుపతి నుంచి కంపెనీ బస్సులో వెళ్లివస్తాను. మా మేనేజరుది జపాన్, లైన్ ఇన్‌చార్జిది తమిళనాడు, మిగిలినవాళ్లం చిత్తూరు, నెల్లూరు వైపువాళ్లం. ఇంగ్లీషు ఎవరికీ సొంత భాష కాదు. కొలత తప్పిన సరుకు గురించి ఉదయం మీటింగులో నేను ‘ఐ థింక్, మేబీ స్మాల్ ప్రాబ్లమ్, సర్’ అంటే అది నా ఊహగానే మిగిలిపోతుంది. ఇన్‌చార్జి ‘ఐ థింక్ వీ స్టాప్’ అంటే లైన్ ఆగుతుంది. మేనేజరు చివర్లో ‘ఓకే?’ అంటారు గానీ, ఆ తర్వాత నోరు విప్పినవారు లేరు. ఇది నా ఇంగ్లీషు లోపమా, హోదా మహిమా?

జవాబు 1:
ఎక్కువ పాలు హోదాదే. ‘ఐ థింక్’, ‘మేబీ’ లాంటి మెత్తని మాటలను 1975లో అమెరికా భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ స్త్రీల భాషకు గుర్తులుగా చెప్పారు. అమెరికా కోర్టుల్లో సాక్షుల మాటతీరును పరిశీలించిన పరిశోధకులు ఓబార్, అట్కిన్స్ మాత్రం, సాక్షి ఆడా మగా అన్నదానికన్నా సమాజంలో ఆ మనిషి స్థాయి, కోర్టు అనుభవం ముఖ్యమని 1980లో తేల్చారు. ‘ఐ థింక్’ సందేహానికే కాక, మాటను నొక్కి చెప్పడానికీ పనికొస్తుందని న్యూజిలాండ్‌లో భాషాశాస్త్రవేత్త జానెట్ హోమ్స్ చూపించారు. మీ ఇన్‌చార్జిది ఆ రెండో రకం.

జవాబు 2:
నేనూ ఆ వైపు ఫ్యాక్టరీలోనే చేస్తున్నాను. మెత్తని మాటలన్నీ తీసేయమనే కోచింగ్ సెంటర్ల సలహా నమ్మకండి. కింది ఉద్యోగి ‘స్టాప్ ద లైన్’ అంటే పొగరంటారు, పైవారికి ఆ చిక్కు లేదు. కొలత దగ్గర తడబడకుండా, కారణం దగ్గర మాత్రం తగ్గి మాట్లాడండి: ‘లిమిట్ 12.02, రీడింగ్ 12.05’ అని ముందు చెప్పి, తర్వాత ‘ఐ థింక్, టూల్ వేర్’ (పనిముట్టు అరిగినట్టుంది) అనండి. అప్పుడు అనుమానం కారణం మీదే ఉంటుంది, కొలత మీదికి పాకదు. ఇంకొకటి, జపాన్ వారు మధ్యమధ్య ‘యెస్, యెస్’ అంటే చాలాసార్లు అది మనం ఊఁ కొట్టడం లాంటిదే, ఒప్పుకున్నట్టు కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి ‘ఓకే?’ సంగతి?

జవాబు 1:
అది ప్రశ్న రూపంలో ఉన్న ముగింపు. చర్చను మూసే అధికారం ఉన్నవారి నోటనే అలా పనిచేస్తుంది. ‘ఓకే సర్, లాట్ హోల్డ్ ఆర్ రిలీజ్?’ (ఈ సరుకు ఆపాలా, పంపాలా?) అని వెంటనే అడిగి చూడండి. అప్పుడు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది.

జవాబు 2:
అందరి ముందు మాత్రం వద్దు. మీటింగు అయ్యాక, పీసు చేతిలో పెట్టి అడగండి.